నలభై ఎకరాల బత్తాయి తోటకు లోరా సెన్సర్లు: ఎన్ని కావాలి, ఎక్కడ పాతాలి, యాంటెన్నా ఎంత ఎత్తున ఉండాలి

మీరు అడిగింది ఇదీ: నార్పల దగ్గర 40 ఎకరాల బత్తాయి, అంతా డ్రిప్పు, ఆరు వాల్వులు, రెండు బోర్లు. ఎకరాకు ఒకటి చొప్పున 40 తేమ సెన్సర్లు పెట్టాలని, లోరా (తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పంపే రేడియో) కాబట్టి 15 కిలోమీటర్ల వరకు అందుతుందని ఒక కంపెనీ వాళ్లు కొటేషన్ ఇచ్చారు. అన్ని కావాలా? చెట్ల మధ్య సిగ్నల్ నిజంగా అందుతుందా? విడి భాగాలు కొని మనమే చేసుకుంటే కుదురుతుందా?

ముందు జవాబు చెప్పేస్తాను. సిగ్నల్ అందుతుంది, సెన్సర్ల సంకేతాలను అందుకుని ఇంటర్నెట్‌కు పంపే గేట్‌వే ఒక్కటి చాలు. దాని యాంటెన్నా మాత్రం చెట్ల తలల కంటే పైన ఉండాలి. 40 సెన్సర్లు వద్దు. వాల్వుకు ఒక చోటు, ఒక్కో చోట రెండు లోతులు, అంటే మొత్తం ఆరు చోట్లు, పన్నెండు సెన్సర్లు. సెన్సర్లను చదివి రేడియోలో పంపే పెట్టెలు మీరే చేసుకోవచ్చు. గేట్‌వే మాత్రం కొనండి.

నేను ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఎక్కువగా బత్తాయి, దానిమ్మ తోటలు, అటు నూజివీడు వైపు కొన్ని మామిడి తోటలు. తప్పులు నేనూ చాలా చేశాను, అవీ చెబుతాను.

15 కిలోమీటర్ల మాట పక్కన పెట్టండి. అది అబద్ధం కాదు. కొండ మీద నుంచి ఎదురుగా అడ్డం లేని చోటికైతే అంతకన్నా దూరమే పోతుంది. మీ తోటకు ఆ లెక్కతో పని లేదు. 40 ఎకరాలంటే చదరంగా చూస్తే 400 మీటర్లకు 400 మీటర్లు. మధ్యలో గేట్‌వే పెడితే అన్నిటికంటే దూరపు మూల 300 మీటర్లలోపే. అడ్డు వచ్చేది దూరం కాదు, ఆకు. ఆకంటే సగానికి పైగా నీళ్లే కదా, లోరా వాడే 865 మెగాహెర్ట్జ్ తరంగాన్ని అది తాగేస్తుంది. వైస్‌బెర్గర్ సూత్రమని ఒక పాత లెక్క ఉంది. దాని ప్రకారం దట్టమైన ఆకుల గుండా 100 మీటర్లు పోతే సిగ్నల్ బలంలో సుమారు 19 డెసిబెల్లు (డిబి) పోతుంది, 200 మీటర్లకు 29 దాకా. ప్రతి 10 డిబికీ బలం పదో వంతుకు పడిపోతుందని గుర్తు పెట్టుకుంటే 29 అంటే ఏమిటో అర్థమవుతుంది. ఇది ఖాళీ గాలిలో దూరం వల్ల పోయేదానికి అదనం.

అందుకే ఎత్తు. యాంటెన్నా మోటారు గది మీద మూడు మీటర్ల ఎత్తున ఉంటే, తరంగం నేలకు సమాంతరంగా సాలు తర్వాత సాలు చీల్చుకుంటూ పోవాలి. అదే చెట్ల తలల మీద నాలుగైదు మీటర్లు పైకెత్తితే దారిలో ఎక్కువ భాగం ఖాళీ గాలిలో నడిచి, చివర్లో ఏటవాలుగా దిగి ఒకటి రెండు చెట్ల ఆకులు మాత్రమే దాటుతుంది. ఇంకో సంగతి, రెండు యాంటెన్నాల మధ్య తరంగం దారంలా సన్నగా పోదు, కదురులా మధ్యలో ఉబ్బి ఉంటుంది. 500 మీటర్ల దూరానికి మధ్యలో ఆ ఉబ్బు అర్ధవ్యాసం ఆరున్నర మీటర్ల పైమాటే. అందులో కనీసం అరవై శాతం, అంటే నాలుగు మీటర్లు ఖాళీగా ఉంటే చాలని లెక్క. మీ బత్తాయి చెట్లు నాలుగైదు మీటర్లు ఉంటాయి కాబట్టి 9 మీటర్ల జీఐ పైపు, మూడు వైపులా తాళ్ల వైరు లాగి కడితే సరిపోతుంది. ముదురు మామిడికైతే ఇది చాలదు.

మామిడి అనగానే నా మొదటి తప్పు గుర్తొస్తుంది. నూజివీడు దగ్గర ఒక ముదురు తోట. ఏప్రిల్‌లో పెట్టాం, గేట్‌వే పంపు షెడ్డు మీద. అన్ని పెట్టెలూ చక్కగా మాట్లాడాయి, రైతుకు ఫోన్లో గ్రాఫులు చూపించి వచ్చేశాను. జులైలో వానలు పట్టాక మూడు పెట్టెలు మూగబోయాయి. బ్యాటరీలు అయిపోయాయని మార్చాను, ఫలితం లేదు. అసలు సంగతి తడిసిన ఆకులు, పైగా కోతల తర్వాత వచ్చిన కొత్త చిగురు. ఎండలో అంచు మీద అందిన సిగ్నల్ వానలో పడిపోయింది. 12 మీటర్ల స్తంభం వేయించాక మళ్లీ అవే బ్యాటరీలతో అన్నీ మాట్లాడాయి. అప్పటి నుంచి పరీక్ష ఎప్పుడు చేసినా వాన పడిన మర్నాడు పొద్దున్నే చేస్తాను. మీకు వాన దొరకడం కష్టమే, కనీసం ట్యాంకరుతో దారిలో ఉన్న నాలుగు చెట్లు తడిపి చూడండి. నవ్వులాట కాదు, నేను చేశాను.

దీనికి తలకిందులుగా దానిమ్మలో జరుగుతుంది. బహార్ (పూత కాలం) ముందు ఎథ్రిల్ మందు కొట్టి ఆకు రాలుస్తారు కదా, అప్పుడు సిగ్నల్ అమాంతం పెరుగుతుంది. ఆ వారంలో సర్వే చేసిన వాళ్లు మూడు నెలల తర్వాత తల పట్టుకుంటారు.

కేబుల్ దగ్గర పొదుపు చేయవద్దు, అసలు కేబులే తగ్గించండి. స్తంభం పైన యాంటెన్నా, కింద గదిలో గేట్‌వే, మధ్యలో పది మీటర్ల సన్నని ఆర్‌జీ58 కేబుల్: ఇలా చేస్తే దారిలోనే అయిదారు డిబి పోతుంది. అంటే ఎత్తు వల్ల సంపాదించినదాంట్లో మంచి భాగం కేబుల్ తినేసినట్టే. గేట్‌వే పెట్టెనే పైకెక్కించి, అర మీటరు కేబుల్‌తో యాంటెన్నాకు కలపండి. కిందికి కరెంటు తీగ ఒక్కటి దిగితే చాలు. యాంటెన్నా గెయిన్ (తరంగాన్ని ఒక దిక్కుకు కూడగట్టే బలం, డిబిఐలలో) కూడా మూడు నుంచి అయిదు డిబిఐ చాలు. ఎనిమిది, పది డిబిఐ అని అమ్మే పొడుగు కర్రలు తరంగాన్ని పళ్లెంలా చదును చేసి దూరానికి విసురుతాయి, స్తంభం పాదం దగ్గరున్న పెట్టెకు మాత్రం అందవు. మన తోటకు దూరం అక్కర్లేదని ముందే అనుకున్నాం. పిడుగు నిరోధకం, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. మన మెట్ట నేలల్లో ఎర్తు గొయ్యికి వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి.

గేట్‌వేకు కరెంటు సంగతి. వ్యవసాయ లైను రోజంతా ఉండదు, ఉన్న తొమ్మిది గంటల్లో కూడా మోటారు ఎక్కినప్పుడల్లా వోల్టేజీ కుంగుతుంది. దాన్ని నమ్మవద్దు. గేట్‌వే 5 వాట్లు తింటుందనుకుంటే రోజుకు 120 వాట్-అవర్లు. 75 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల 42 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెడితే రెండు రోజులు మబ్బు పట్టినా నడుస్తుంది. ఇంటర్నెట్‌కు 4జీ సిమ్ము ఒక్కటి.

ఇప్పుడు లోరా ఎందుకు, బ్యాటరీ ఎంత కాలం అన్నది. లోరా చిప్పులు సెమ్‌టెక్ కంపెనీవి, ఆ సాంకేతికత మూలం ఫ్రాన్స్‌లోని సైక్లియో అనే చిన్న సంస్థది, దాన్ని సెమ్‌టెక్ 2012లో కొనుక్కుంది. దీని గొప్ప ఏమిటంటే, రొదలో మునిగిపోయిన సంకేతాన్ని కూడా ఏరుకోగలదు. సంకేతాన్ని ఎంత సాగదీసి నెమ్మదిగా పంపాలో చెప్పే మెట్టును ఎస్‌ఎఫ్ అంటారు, 7 నుంచి 12 దాకా; ఎస్‌ఎఫ్12లో అయితే సంకేతం రొద కంటే వంద రెట్లు బలహీనంగా ఉన్నా పట్టుకుంటుంది. దానికి చెల్లించే మూల్యం కాలం. పది బైట్ల సమాచారం ఎస్‌ఎఫ్7లో సుమారు 62 మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది, ఎస్‌ఎఫ్12లో దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఇరవై నాలుగు రెట్లు! ఆ కాలమంతా పెట్టె 120 మిల్లీఆంపియర్ల దాకా లాగుతూ ఉంటుంది. అరగంటకోసారి పంపితే ఎస్‌ఎఫ్12లో ప్రసారాలకు మాత్రమే ఏడాదికి 900 మిల్లీఆంపియర్-అవర్ల దగ్గర ఖర్చు, ఎస్‌ఎఫ్7లో 40 కూడా కాదు. కాబట్టి స్తంభం ఎత్తు పెంచడమంటే బ్యాటరీల ఆయుష్షు పెంచడమే. «అందకపోతే ఎస్‌ఎఫ్12 పెడదాంలే» అని కింద యాంటెన్నాతో సరిపెట్టుకునే వాళ్లను చూశాను, ఏటా ఆరు పెట్టెలు విప్పుతూ తిరుగుతారు. గేట్‌వే పంపే సమాచారాన్ని ఇంటర్నెట్‌లో అందుకునే ది థింగ్స్ నెట్‌వర్క్ ఉచిత సేవ వాడదామనుకుంటే ఇంకో పరిమితి కూడా ఉంది: ఒక్కో పెట్టెకు రోజుకు 30 సెకన్ల ప్రసారమే. ఎస్‌ఎఫ్12లో అది ఇరవై సార్లకే అయిపోతుంది. అదే పని చేసే చిర్ప్‌స్టాక్ సాఫ్ట్‌వేర్ సొంతంగా పెట్టుకుంటే ఆ గొడవ లేదు.

నేలలో పదును గంటలో మారేది కాదు, అరగంటకోసారి చదవడం కూడా ఎక్కువే. నేను గంటకోసారి పెడతాను.

లోరా రేడియో మాడ్యూల్ కొనేటప్పుడు బ్యాండు చూసుకోండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగింది 865 మెగాహెర్ట్జ్ దగ్గరి బ్యాండు. మొదట 867 వరకు ఉండేది, 2021లో 868 దాకా పెంచారు. లోరా పెట్టెలు, గేట్‌వేలు మాట్లాడుకునే నియమావళి లోరావాన్; అందులో మన దేశపు ఫ్రీక్వెన్సీ ప్రణాళిక పేరు ఐఎన్865. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవగ్గా కనిపించే ఆర్‌ఏ-02 మాడ్యూల్ 433ది, అమెరికా వాళ్ల కోసం చేసినవి 915వి. రెండూ మీకు పనికిరావు. యాంటెన్నా కూడా 865కి తగ్గదే కావాలి. మాడ్యూల్‌కు యాంటెన్నా బిగించకుండా ఎప్పుడూ ఆన్ చేయవద్దు, ప్రసార భాగం కాలిపోవచ్చు.

రేడియో సంగతి ఇంతటితో చాలు. నిజంగా తల పట్టుకోవాల్సింది నేల దగ్గర.

సెన్సర్ ఎకరం లెక్కన కాదు, వాల్వు లెక్కన. ఎందుకంటే మీ చేతిలో ఉన్న నిర్ణయం వాల్వు తెరవడమో మూయడమో. ఒకే వాల్వు కింద ఏడు సెన్సర్లు ఏడు రకాలుగా చెబితే ఏం చేస్తారు? సగటు తీసి ఒకే తడి ఇస్తారు. ఆ సగటు చెప్పగలిగే చెట్టును ఒకదాన్ని ఎంచుకుంటే చాలు. ఒక మినహాయింపు: ఒకే వాల్వు కింద సగం ఎర్ర గరప, సగం నల్లరేగడి ఉంటే రెండు చోట్లు పెట్టండి. అంతకన్నా మంచి పని, ఆ వాల్వునే రెండుగా విడగొట్టడం.

ఏ చెట్టు? గట్టు పక్కది కాదు, లేటరల్ పైపు చివరిది కాదు, ఎండు తెగులు ఉన్నది అసలే కాదు. ఆరు మీటర్ల ఎడంతో ఎకరాకు 110 చెట్ల పైన ఉంటాయి. వాటిలో వాల్వు మధ్యలో, ఎత్తు పల్లం కాని చోట, నడివయసు ఆరోగ్యమైన చెట్టు. కొమ్మల నీడ పడే అంచుకు లోపల, డ్రిప్పర్‌కు ఒక జాన దూరంలో. సరిగ్గా డ్రిప్పర్ కింద పెడితే ఎప్పుడూ తడిగానే చూపిస్తుంది, రెండు జానలు దాటితే ఎప్పుడూ పొడిగానే. ఒకటి 30 సెంటీమీటర్ల లోతు, ఒకటి 60. పైది చెట్టు తాగుతున్నదాన్ని చెబుతుంది, కిందిది మీరు వృథా చేస్తున్నదాన్ని. తడి ఇచ్చిన ప్రతిసారీ కింది సెన్సర్ కూడా తడిసినట్టు చూపిస్తూ ఉంటే నీళ్లతో పాటు మీరు వేసిన నత్రజని కూడా దిగిపోతోందన్నమాట. నార్పల వైపే ఒక రైతు కింది గ్రాఫు చూసి, తడి సమయం తగ్గించి రెండు విడతలుగా చేశాడు. బోరు ఎండుతుందనుకున్న మే నెల అలా గట్టెక్కింది.

ఏ రకం సెన్సర్? రెండు ఇనుప పుల్లల చవక రకం ఆరు నెలల్లో తుప్పు పడుతుంది, వదిలేయండి. నేను ఎర్ర నేలల్లో ఎక్కువగా వాటర్‌మార్క్ రకం వాడతాను. అది చెప్పేది శాతం కాదు, వేరు నీటిని ఎంత బలంగా పీల్చుకోవాల్సి వస్తోందో ఆ ఒత్తిడి, సెంటీబార్లలో. సంఖ్య పెరిగిందంటే నేల పొడి. పది లోపు ఉంటే నేల నీళ్లతో నిండినట్టు. మన తేలికపాటి ఎర్ర నేలల్లో పైది 30 నుంచి 40కి వచ్చినప్పుడు నేను తడి మొదలుపెట్టమంటాను; రేగడిలో 60 దాకా ఆగొచ్చు. కెపాసిటివ్ రకాలు కూడా మంచివే, కానీ మీ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే చవక రకాలు ఉన్న తడి కన్నా ఎక్కువ చూపిస్తాయి. డ్రిప్పు తడి అంచున ఉప్పు పేరుకుంటుంది కదా, అక్కడైతే మరీ.

పాతేటప్పుడు ఓపిక కావాలి. గునపంతో బొక్క చేసి సెన్సర్ దించి పైన మట్టి తోసేస్తే చుట్టూ గాలి మిగులుతుంది, అది చదివేది నేలను కాదు. తీసిన మట్టినే జల్లించి, నీళ్లు కలిపి చిక్కటి బురద చేసి పోసి దించండి. వాటర్‌మార్క్‌ను ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి తడిగానే పాతాలి. మొదటి పది రోజుల లెక్కలు నమ్మవద్దు. రేగడిలో ఇంకో చిక్కు ఉంది, ఎండకు నేల పగిలి సెన్సర్ పక్కనే బీట పడుతుంది. అప్పుడు గ్రాఫు నిలువునా దూకుతుంది. అలా దూకితే ఫోన్ కాదు, పార పట్టుకుని వెళ్లండి.

బత్తాయికి ఇవి నిజంగా అక్కరకొచ్చేది పూతకు ముందు బెట్ట పెట్టేటప్పుడు. తేలిక నేలల్లో రెండు మూడు వారాలు, బరువు నేలల్లో నెల పైన నీళ్లు ఆపుతాం, బెట్ట ఎప్పుడు ముగించాలో ఆకు వాడటం చూసి చెబుతాం. ఆకు వాడేది ఆలస్యంగా. 60 సెంటీమీటర్ల సెన్సర్ సంఖ్య పెరగడం మొదలుపెట్టిన రోజు నుంచి లెక్క పెట్టుకుంటే, ఏ వాల్వు బెట్టకు వచ్చింది, ఏది ఇంకా పచ్చిగా ఉంది తేలుతుంది. మీ ఆరు వాల్వులూ ఒకే రోజు బెట్టకు రావు. అన్నిటికీ ఒకే రోజు నీళ్లు వదిలితే ఒక వాల్వులో పూత బాగా విరిసి పక్క వాల్వులో చిగురే వస్తుంది. ఎంత సెంటీబార్లకు నీళ్లు వదలాలో మాత్రం నేను సంఖ్య చెప్పను. మొదటి ఏడాది మీ అలవాటు ప్రకారమే చేసి, ఆ రోజు ఏ వాల్వులో ఎంత ఉందో రాసి పెట్టుకోండి, రెండో ఏడాదికి అదే మీ సంఖ్య.

సొంతంగా చేసుకునే వాళ్లకు నాలుగు మాటలు. లోరా చిప్పు ఎస్‌ఎక్స్1262 అయితే మంచిది. డెవలప్‌మెంట్ బోర్డులను అలాగే తోటలో పెట్టవద్దు: దాని మీద ఎర్ర దీపం, రెగ్యులేటర్ కలిసి నిద్రలో కూడా 10 మిల్లీఆంపియర్లు తాగితే 2500 మిల్లీఆంపియర్-అవర్ల 18650 రకం లిథియం సెల్లు పది రోజులకు ఖాళీ. అదే నిద్రలో 10 మైక్రోఆంపియర్లకు దించితే ఏడాదికి 90 మిల్లీఆంపియర్-అవర్లు కూడా కావు. సెన్సర్‌కు కరెంటు చదివే క్షణంలోనే ఇచ్చి ఆపేయాలి. మే నెల ఎండలో మూసిన పెట్టె లోపల వేడి లిథియం-అయాన్ ఛార్జింగ్‌కు హద్దయిన 45 డిగ్రీలు దాటిపోతుంది. పెట్టెకు తెల్ల రంగు, చెట్టు నీడ ఉండాలి, సెల్లు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అయితే ఇంకా మేలు. చవక కెపాసిటివ్ సెన్సర్ల పై అంచున ఉన్న భాగాలకు ఎపాక్సీ పూయకపోతే మొదటి వానకే పోతాయి. «ఒక్క ఛానెల్ గేట్‌వే» అని రెండు వేలకు చేసే వీడియోలు చూసి మోసపోకండి, అది లోరావాన్ గేట్‌వే కాదు. గేట్‌వే కొనమన్నది అందుకే, అదీ ఎనిమిది ఛానెళ్లది.

పెట్టె యాంటెన్నాను చెట్టు కొమ్మకు కట్టవద్దు. చెట్ల వరుసలోనే మూడు మీటర్ల పైపు పాతి దాని తల మీద పెట్టండి. సాళ్ల మధ్య పాతితే ఏదో ఒక రోజు ట్రాక్టరు గుంటక కింద పడుతుంది. వైర్లు పైపులో వేయకపోతే ఉడతలు కొరుకుతాయి. డ్రిప్పర్ దగ్గర చల్లటి మట్టిని అడవి పందులు తవ్వుతాయి, ఒక రైతు దగ్గర రెండు సెన్సర్లు అలాగే గట్టు మీద దొరికాయి. చీమలు మాత్రం ఏ రంధ్రమున్నా దూరతాయి. వైరు దూరే గ్లాండుకు సిలికాన్ పట్టించండి.

లోరా అక్కర్లేని సందర్భం కూడా చెప్పాలి. మీకు పది ఎకరాలే ఉండి రెండు చోట్లే సెన్సర్లు కావాలంటే 4జీ సిమ్ముతో నడిచే పెట్టెలు చాలు. నెలనెలా రీఛార్జి అన్నది రెండింటికి భారం కాదు, ఆరింటికి భారం. జిగ్‌బీ, వైఫై వంటివి 2.4 గిగాహెర్ట్జ్‌వి, వాటిని ఆకులు ఇంకా ఎక్కువ తాగుతాయి; తోటకు వద్దు.

వాల్వులు కూడా ఫోన్ నుంచే తెరుచుకునేలా చేద్దామా అని మీరు చివర్లో అడిగారు. చేయొచ్చు, కానీ ఎప్పుడూ వింటూ ఉండే క్లాస్ సీ పరికరాలు కావాలి, వాటికి ఎప్పుడూ కరెంటు ఉండాలి. పైగా అన్ని వాల్వులూ మూసుకుని మోటారు నడుస్తుంటే పైపులు పగులుతాయి. మొదటి ఏడాది చేత్తోనే తిప్పండి.

కొటేషన్‌కు అవునో కాదో చెప్పే ముందు ఒక్క రోజు పని చేయండి. ఒక గేట్‌వే అరువు తెచ్చి, వెదురు గడకు కట్టి తొమ్మిది మీటర్లకు లేపండి. ఒక పెట్టె పట్టుకుని ఆరు వాల్వుల దగ్గరా, నాలుగు మూలలా, చేత్తో పట్టుకుని కాదు, పెట్టె యాంటెన్నా ఉండబోయే ఎత్తున పెట్టి ఎస్‌ఎఫ్7లో ఇరవై సార్లు పంపండి. ఎస్‌ఎఫ్7 కనీసం మైనస్ 7.5 ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సంకేతం బలం, డిబిలలో) దాకా పని చేస్తుంది. మీకు అన్ని చోట్లా ప్లస్ 3 పైన వస్తే వానకూ చిగురుకూ పది డిబి మిగులు ఉన్నట్టే. ఏ చోట తక్కువ వచ్చిందో ఆ సంఖ్యలు, వాల్వుల గీత, ఏ వాల్వు కింద ఏ నేల ఉందో రాసి ఇక్కడే పెట్టండి. స్తంభం ఎక్కడ పాతాలో, ఏ చెట్టు దగ్గర తవ్వాలో చూసి చెబుతాను.